అక్రమ అరెస్టు: పోలీసువారికున్న రక్షణ, మనకున్న దారి

(సంఘ వార్షిక సర్వసభ్య సమావేశంలో కార్యవర్గం తరఫున చేసిన ప్రసంగ పాఠము)



ప్రతి ఏటా ఈ సభలో స్కాలర్‌షిప్పుల లెక్క, పేదింటి ఆడపిల్లల పెళ్ళిళ్ళకు ఇచ్చిన సహాయం లెక్క, కబరస్తాను ప్రహరీ గోడ లెక్క చెప్పుకుంటాము. అవన్నీ కార్యదర్శిగారు ఇప్పుడే చదివి వినిపించారు. అయితే ఆ పుస్తకంలోకి ఎక్కని లెక్క ఒకటుంది. అది మా తప్పు లెక్క. దానిని దాచకుండా సభ ముందు పెట్టాలని కార్యవర్గం తీర్మానించింది. అందుకే ఈ నాలుగు మాటలు.

మన పేటలో సైకిల్ షాపులో పనిచేసే ఒక కుర్రవాడున్నాడు. పేరు చెప్పము, చెప్పనక్కర లేదు. ఒక రాత్రి ఇషా నమాజు అయిన తరువాత, ఏదో మోటారు సైకిలు దొంగతనం కేసని చెప్పి పోలీసులు ఇంటికి వచ్చి తీసుకుపోయారు. మూడు రాత్రులు ఠాణాలోనే ఉంచారు. నాలుగవ రోజున, ఆ రోజే పట్టుకున్నట్లు కాగితం రాసి మేజిస్ట్రేటుగారి ముందు నిలబెట్టారు. 41 రోజులు సబ్‌జైలులో ఉన్నాడు. జామీను మీద వచ్చిన తరువాత రెండున్నర సంవత్సరాలు వాయిదాలకు తిరిగాడు. చివరకు సాక్షులెవ్వరూ ఇతనే అని చెప్పలేదు. కోర్టు కేసు కొట్టివేసింది.

కేసు కొట్టేసిన వారానికే ఆ అబ్బాయి తండ్రి మిఠాయి పొట్లం పట్టుకొని మన ఆఫీసుకు వచ్చాడు. "భాయ్, నా కొడుకును ఊరికే తీసుకుపోయి మూడేళ్ళు పాడు చేశారు. వాళ్ళ మీద కేసు వేయడానికి దారి ఏమైనా ఉందా?" అని అడిగాడు. మేమేమన్నాము? "పోలీసులతో మనకెందుకు పేచీ? సర్కారు వాళ్ళను కాపాడుకుంటుంది. బయటపడ్డాడు, అదే పదివేలు. సబర్ చేయండి" అన్నాము. మంచి మనసుతోనే అన్నాము. ఆయన తల ఊపి వెళ్ళిపోయాడు.

పద్నాలుగు నెలల తరువాత మళ్ళీ వచ్చాడు. ఈసారి చేతిలో మిఠాయి లేదు. కుర్రవాడికి ఒక కంపెనీలో సెక్యూరిటీ పని దొరికింది గాని, పాత కేసు సంగతి పోలీసు వెరిఫికేషనులో కనబడి పని పోయింది. అప్పుడు ఒక వకీలు గారి దగ్గరికి తీసుకుపోయాము. ఆయన కాగితాలన్నీ చూసి ఒకే ఒక్క ప్రశ్న అడిగారు: "కేసు కొట్టేసి ఏడాది దాటిందా?" దాటిందన్నాము. ఆయన కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. "రెండు నెలల క్రితం వచ్చి ఉంటే బాగుండేది" అన్నారు.

సోదరులారా, ఆ రోజు నుండి మేము ఈ విషయం చదివాము, తెలిసిన వారిని అడిగాము. పోలీసు మీద దావా వేయడానికి వీలే లేదని మనలో చాలామంది నమ్మకం. అది నిజం కాదు. గోడ ఉన్నమాట వాస్తవమే. ఆ గోడకు తలుపు కూడా ఉంది. కాని ఆ తలుపు ఎక్కువ కాలం తెరిచి ఉండదు.

ముందు ఆ గోడ ఏమిటో చూద్దాము. అందులో మూడు వరుసలున్నాయి.

మొదటి వరుస న్యాయమైనదే. వారెంటు లేకుండా అరెస్టు చేసే అధికారం చట్టమే పోలీసుకు ఇచ్చింది. సహేతుకమైన అనుమానమో, నమ్మదగిన సమాచారమో ఉండాలి. ఆ తరువాత మనిషి నిర్దోషి అని తేలినా, ఆనాడు అనుమానానికి తగిన ఆధారముందని చూపగలిగితే ఆ అధికారి తప్పు చేసినట్లు కాదు. ఇది ఉండవలసిందే. మన ఇళ్ళలోనూ కానిస్టేబుళ్ళున్నారు, ఒకరిద్దరు ఎస్.ఐ.లు కూడా అయ్యారు. ప్రతి అరెస్టుకూ దావా భయముంటే రాత్రివేళ దొంగను పట్టుకోవడానికి ఎవరు పోతారు? నిజాయితీగా పనిచేసినవాడికి రక్షణ కావాలి. మన ఫిర్యాదు ఆ రక్షణ మీద కాదు. నిజాయితీ లేనివాడు దాని చాటున నిలబడటం మీదనే.

రెండవ వరుస ప్రభుత్వ అనుమతి. ఇదివరకు క్రిమినల్ ప్రొసీజరు కోడులో 197వ సెక్షనుగా ఉండేది. 2024 జులై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో ఇది 218వ సెక్షను. ఉద్యోగ ధర్మంలో చేసిన పనిపై ప్రభుత్వోద్యోగి మీద క్రిమినల్ కేసు నడపాలంటే ముందు ప్రభుత్వ అనుమతి కావాలని దీని సారాంశం. ఇక్కడే మనవాళ్ళు మోసపోతున్నారు. "సర్కారు అనుమతి లేనిదే ఏమీ చేయలేరు" అని ఎవరో అనగానే తిరిగి వచ్చేస్తున్నారు. నాలుగు సంగతులు గుర్తుంచుకోవాలి. ఒకటి, ఈ అనుమతి క్రిమినల్ కేసుకే గాని, నష్టపరిహారం కోరే సివిలు దావాకు కాదు. రెండు, ప్రభుత్వ అనుమతి లేకుండా ఉద్యోగం నుండి తొలగించడానికి వీలులేని స్థాయి అధికారులకే ఈ సెక్షను వర్తిస్తుంది. ప్రభుత్వం ప్రత్యేకంగా నోటిఫికేషను ఇచ్చి ఉంటే తప్ప, మామూలుగా ఎస్.ఐ.లు, కానిస్టేబుళ్ళు దీని కిందికి రారు. మూడు, కొత్త చట్టం ప్రకారం అనుమతి కోరిన 120 రోజుల్లో ప్రభుత్వం ఏదో ఒకటి తేల్చాలి, తేల్చకపోతే ఇచ్చినట్లే లెక్క. నాలుగు, కొట్టడం, దాచిపెట్టడం ఉద్యోగ ధర్మం కాదు. ఈ మాట చెప్పింది మన ఆంధ్రప్రదేశ్ నుండి పోయిన కేసులోనే. 1859 నాటి మద్రాసు జిల్లా పోలీసు చట్టంలో పోలీసు మీద మూడు నెలల్లోగా కేసు వేయాలన్న నిబంధన ఉండేది. అనుమానితుణ్ణి కొట్టిన అధికారి ఆ గడువు చాటున తప్పించుకోబోతే, ఠాణాలో కొట్టడం ఆ చట్టం కింద చేసిన పని కానేకాదని సుప్రీంకోర్టు 1963లోనే తీర్పు చెప్పింది.

మూడవ వరుస అన్నిటికన్నా పాతది. రాజు తప్పు చేయడు, రాజును ప్రశ్నించరాదు అన్న భావం. 1861లో కలకత్తాలో ఒక స్టీమరు కంపెనీ బండి గుర్రానికి సర్కారు డాక్‌యార్డు పనివాళ్ళ అజాగ్రత్త వల్ల దెబ్బ తగిలింది. కంపెనీకి పరిహారం ఇప్పిస్తూ కోర్టు ఒక గీత గీసింది: ప్రభుత్వం వ్యాపారిలా చేసే పనికి జవాబు చెప్పాలి, ప్రభుత్వం మాత్రమే చేయగల పనికి అక్కరలేదు. వంద సంవత్సరాల తరువాత ఆ గీత ఒక సామాన్య వర్తకుని మెడకు చుట్టుకుంది. 1947 సెప్టెంబరులో అమృతసరు నుండి బంగారం, వెండి తీసుకొని మీరట్ వచ్చిన ఆయనను దొంగ సొత్తేమోనన్న అనుమానంతో పోలీసులు పట్టుకున్నారు. మర్నాడు వదిలేశారు, వెండి తిరిగి ఇచ్చారు. వంద తులాలకు పైబడిన బంగారాన్ని మాత్రం మాల్‌ఖానా హెడ్ కానిస్టేబులు కాజేసి పాకిస్తాను వెళ్ళిపోయాడు. వర్తకుడు ప్రభుత్వం మీద దావా వేశాడు. 1964లో సుప్రీంకోర్టు, పోలీసువారిది అజాగ్రత్తే గాని, అరెస్టు చేయడం, సొత్తు స్వాధీనం చేసుకోవడం సార్వభౌమాధికారపు పని కనుక ప్రభుత్వం బాధ్యురాలు కాదని తీర్పు చెప్పింది. ఈ పరిస్థితి బాగులేదు, పార్లమెంటు చట్టం చేయాలని కూడా అదే తీర్పులో చెప్పింది. ఆ తరువాత బిల్లులు వచ్చాయి, చట్టం కాకుండానే మురిగిపోయాయి.

చట్టసభ తెరవని ద్వారాన్ని కోర్టులే కొంచెం కొంచెంగా తెరిచాయి. బీహారులో ఒక మనిషి 1968లో నిర్దోషి అని తేలినా 1982 దాకా, అంటే 14 సంవత్సరాలు, జైలులోనే ఉండిపోయాడు. 1983లో రుదుల్ సా కేసుగా పేరుపొందిన ఆ తీర్పులో సుప్రీంకోర్టు ఆయనకు అప్పటికే ఇచ్చిన 5 వేలకు తోడు 30 వేల రూపాయలు ఇప్పించింది. ఇది తాత్కాలిక సహాయమే, మిగతా పరిహారానికి వేరే దావా వేసుకోవచ్చునని కూడా చెప్పింది. 1985లో జమ్మూ కాశ్మీరు శాసనసభ్యుడు భీంసింగును సభకు వెళ్ళనీయకుండా అరెస్టు చేసి పెట్టినప్పుడు 50 వేలు ఇప్పించింది. ఆ తీర్పు ఇచ్చిన ఇద్దరిలో ఒకరు మన తెలుగువారైన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి గారు, రెండవవారు జస్టిస్ వి. ఖాలిద్ గారు. 1993లో ఒరిస్సాకు చెందిన నీలావతి బెహరా అనే తల్లి కేసులో, పోలీసు నిర్బంధంలో ప్రాణం పోయిన కొడుకుకు బదులుగా లక్షా యాభైవేలు ఇప్పిస్తూ, రాజ్యాంగం ఇచ్చిన ప్రాణహక్కుకు భంగం కలిగినప్పుడు సార్వభౌమత్వపు రక్షణ పనికిరాదని తేల్చింది.

మన ప్రాంతపు సంగతి ఒకటి చెప్పి తీరాలి. కర్నూలు జిల్లాలో అప్పట్లో ఉన్న కోయిలకుంట్ల సబ్‌జైలులో 1977 మే నెలలో ఒక తెల్లవారుజామున కొందరు చొరబడి ఖైదీల గదిలోకి బాంబులు విసిరారు. తండ్రి చనిపోయాడు, అదే గదిలో ఉన్న కుమారుడు చల్లా రామకృష్ణారెడ్డి గాయాలతో బతికాడు. తమకు ప్రాణభయముందని వాళ్ళు ముందే చెప్పుకున్నారు. కుమారుడు ప్రభుత్వం మీద పది లక్షలకు దావా వేస్తే కింది కోర్టు కొట్టేసింది. హైకోర్టు లక్షా నలభై నాలుగు వేలు ఇప్పించింది. జైలు నడపడం సార్వభౌమాధికారమని రాష్ట్ర ప్రభుత్వం సుప్రీంకోర్టుకు పోయింది. 2000 సంవత్సరంలో సుప్రీంకోర్టు ఆ వాదన ఒప్పుకోలేదు. ఖైదీ అయినా మనిషే, అతని ప్రాణహక్కు ముందు ఆ పాత సిద్ధాంతం నిలవదని చెప్పింది. ఘటనకూ తుది తీర్పుకూ మధ్య 23 సంవత్సరాలు.

ఇది విని అంతా సవ్యంగా ఉందని మీరు అనుకోకూడదు. 2007 మే 18న హైదరాబాదు మక్కా మసీదులో పేలుడు జరిగిన తరువాత చాలామంది యువకులను పట్టుకుపోయిన సంగతి మీకు తెలుసు. తరువాత వారు నిర్దోషులుగా బయటపడ్డారు. జాతీయ మైనారిటీల కమిషను సిఫారసు మీద ఆనాటి రాష్ట్ర ప్రభుత్వం 20 మందికి తలా 3 లక్షలు, 50 మందికి తలా 20 వేలు, మొత్తం 70 లక్షలు మంజూరు చేసింది. 2013లో హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది. నిర్దోషిగా విడుదలైనంత మాత్రాన పరిహారం రాదన్నది దాని సారం. అక్షరధామ్ కేసులో 2014లో సుప్రీంకోర్టే ఆరుగురిని నిర్దోషులని విడుదల చేసింది, వారిలో ఉరిశిక్ష పడినవారు ముగ్గురు. వారు పరిహారం అడిగితే 2016లో అదే కోర్టు, ఇది ప్రమాదకరమైన ఆనవాయితీ అవుతుందని అంగీకరించలేదు. మరోవైపు 1994లో కేరళలో గూఢచర్యం నింద మీద అరెస్టయిన శాస్త్రవేత్త నంబి నారాయణన్ గారికి 2018లో 50 లక్షలు ఇప్పించింది. ఆ కేసు కట్టుకథ అని సి.బి.ఐ. 1996లోనే తేల్చింది, అయినా పరిహారానికి అంత కాలం పట్టింది.

ఈ తేడా ఎందుకని మేమూ అడిగాము. వకీలు గారు ఇలా చెప్పారు: "నిర్దోషి అని తేలడం వేరు, అరెస్టే అక్రమమని తేలడం వేరు. మొదటిది కోర్టు చెబుతుంది. రెండవది మీరు రుజువు చేసుకోవాలి." ఈ ఒక్క మాట మన ఇళ్ళలో గోడ మీద రాసుకోదగ్గది.

అక్రమంగా జైలుపాలైన వారికి పరిహారమిచ్చే ప్రత్యేక చట్టం కావాలని 2018లో లా కమిషను తన 277వ నివేదికలో సిఫారసు చేసింది. 2023లో వచ్చిన కొత్త సంహితలో ఆ ఏర్పాటు రాలేదు. అందులో ఉన్నదల్లా 399వ సెక్షను. సరైన కారణం లేకుండా ఒకరిని పోలీసుచేత అరెస్టు చేయించిన వ్యక్తి, అంటే ఫిర్యాదుదారు, వెయ్యి రూపాయలకు మించని పరిహారం ఇవ్వాలని మేజిస్ట్రేటు ఆదేశించవచ్చు. వెయ్యి రూపాయలు, సోదరులారా. మన సైకిల్ షాపు కుర్రవాడు 41 రోజుల కూలి పోగొట్టుకున్నాడు.

కనుక ఉన్న దారినే తెలివిగా వాడుకోవాలి. దావాలు రెండు రకాలు. ఒకటి అక్రమ నిర్బంధం. చట్టం అనుమతించని విధంగా ఆపి ఉంచితే చాలు, అది సక్రమమేనని చూపవలసిన భారం ఆపినవాడి మీద ఉంటుంది. అయితే మేజిస్ట్రేటు రిమాండు ఇచ్చిన తరువాతి రోజులు సాధారణంగా దీనిలోకి రావు. మన అబ్బాయి విషయంలో ఆ మూడు రాత్రులే దీని కిందికి వస్తాయి. రెండవది దురుద్దేశంతో నడిపిన కేసు. ఇందులో కేసు మనకు అనుకూలంగా ముగిసిందని, దానికి తగిన కారణం లేదని, దురుద్దేశంతో నడిపారని, మనకు నష్టం కలిగిందని మనమే రుజువు చేయాలి. ఇది కష్టమైన దారి, కాని మూసిన దారి కాదు.

ఇప్పుడు గడువు సంగతి. దయచేసి ఈ మాటలు ఇంటికి తీసుకుపోండి. 1963 నాటి లిమిటేషను చట్టం ప్రకారం అక్రమ నిర్బంధానికి దావా, నిర్బంధం ముగిసిన రోజు నుండి ఒక్క సంవత్సరంలో వేయాలి. దురుద్దేశంతో నడిపిన కేసుకు దావా, నిర్దోషి అని తేలిన రోజు నుండి ఒక్క సంవత్సరంలో వేయాలి. మొదటి దావాకు క్రిమినల్ కేసు ముగిసే దాకా ఆగితే గడువు గడిచిపోతుంది. మన అబ్బాయి విషయంలో అదే జరిగింది. ప్రభుత్వం మీద గాని, అధికారి మీద గాని దావాకు ముందు సివిలు ప్రొసీజరు కోడు 80వ సెక్షను కింద రెండు నెలల నోటీసు ఇవ్వాలి. ఆ నోటీసు కాలాన్ని గడువు లెక్కలో మినహాయిస్తారు. మానవ హక్కుల కమిషను కూడా సంఘటన జరిగిన ఏడాది దాటితే విచారణ చేపట్టదు. హైకోర్టులో రిట్టుకు ఇంత కచ్చితమైన గడువు లేదు గాని, ఆలస్యానికి సంజాయిషీ చెప్పుకోవాలి. ఇప్పుడు మన అబ్బాయికి మిగిలింది ఆ దారే. మేమన్న సబర్ ఖరీదు అది. ఓర్పు మంచిదే, కాని కాలెండరు చూడని ఓర్పు అవతలివాడికే ఉపకారం చేస్తుంది.

రుజువు కావాలన్నాము. రుజువు మొదటి రాత్రే పుడుతుంది, మొదటి రాత్రే పోతుంది. 1996 నాటి డి.కె. బసు తీర్పులో చెప్పిన జాగ్రత్తలలో ముఖ్యమైనవి ఇప్పుడు సంహితలోనే ఉన్నాయి. అరెస్టు చేసే అధికారి పేరు స్పష్టంగా కనబడాలి. కారణం చెప్పాలి. బంధువుకో మిత్రునికో కబురు అందాలి. ప్రయాణ సమయం పోగా 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరు పరచాలి. అరెస్టు మెమో రాయాలి, దాని మీద ఇంటివారో, ఆ పేటలోని పెద్దమనిషో సాక్షి సంతకం చేయాలి. ఆ పెద్దమనిషి మనలో ఒకరు ఎందుకు కాకూడదు? సంతకం కోసం పోయినవాడు తేదీ, వేళ చూస్తాడు. మూడు రాత్రుల తరువాతి తేదీ రాస్తే అక్కడే అడుగుతాడు, మర్యాదగానే అడుగుతాడు.

ఠాణాలలో కెమెరాలు పెట్టాలని, అందులోని బొమ్మలను 18 నెలలు, అది వీలుకాకపోతే కనీసం ఏడాది భద్రపరచాలని సుప్రీంకోర్టు 2020 డిసెంబరులో ఆదేశించింది. కనుక వెంటనే, ఫలానా తేదీ నుండి ఫలానా తేదీ వరకు బొమ్మలు చెరపవద్దని రిజిస్టరు పోస్టులో అర్జీ పంపాలి. మేజిస్ట్రేటుగారు "ఏమైనా చెప్పుకుంటావా" అన్నప్పుడు, ఎప్పుడు పట్టుకున్నారో, కొట్టారో లేదో అక్కడే చెప్పాలి. భయంతో "ఏమీ లేదు" అంటే ఆ మాటే రికార్డులో మిగులుతుంది. ఎఫ్.ఐ.ఆర్., రిమాండు రిపోర్టు, వైద్య పరీక్ష చీటీ, జామీను ఉత్తర్వు, తీర్పు నకలు, ఇవన్నీ ఒక సంచిలో పెట్టి ఇంట్లో పెద్దమ్మాయికి అప్పగించండి.  వకీలుకు డబ్బు లేదని ఆగవద్దు. నిర్బంధంలో ఉన్నవారికి, స్త్రీలకు, పేదవారికి జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది.

చివరగా సంఘం చేసిన తీర్మానాలు మూడు. ఈ ఏడాది నుండి ఆఫీసులో ఒక రిజిస్టరు పెడుతున్నాము. మన పేటలో ఎవరి బిడ్డను తీసుకుపోయినా, ఏ మతం వాడైనా సరే, తీసుకుపోయిన తేదీ, వేళ, విడుదలైన తేదీ, కేసు ముగిసిన తేదీ అందులో రాస్తాము. ప్రతి పేరు పక్కన ఎర్ర సిరాతో గడువు తేదీ వేస్తాము. రెండవది, మెమో మీద సాక్షి సంతకానికి పిలిస్తే రాత్రి ఏ వేళనైనా పోవడానికి నలుగురు సభ్యులు ఒప్పుకున్నారు, వారి ఫోను నంబర్లు నోటీసు బోర్డు మీద ఉన్నాయి. మూడవది, దావా సలహా అడగవచ్చిన వారిని వకీలుకు చూపించకుండా "సబర్ చేయండి" అని పంపకూడదని మాకు మేమే కట్టడి పెట్టుకున్నాము.

ఆ తండ్రి ఈ సభలోనే వెనుక వరుసలో కూర్చున్నారు. ఈ సంగతి చెప్పవచ్చునా అని వారిని ముందే అడిగాము. "చెప్పండి భాయ్, ఇంకొకరికైనా పనికొస్తుంది" అన్నారు. వారికి సభాముఖంగా మా క్షమాపణ. వారి కుమారుని రిట్టు కాగితాలు తయారయ్యాయి, ఖర్చు సంఘం భరిస్తుంది. ఫలితం ఎలా ఉంటుందో చెప్పలేము గాని, వచ్చే ఏడు ఇదే వేదిక మీద ఆ లెక్క కూడా చెబుతాము.